ఎమ్‌క్యాట్‌లో ‘కార్స్’ విభాగం: చదివి అర్థం చేసుకునే పరీక్షకు పిల్లలు ఎలా సిద్ధం కావాలి? ఇంట్లోవాళ్లు ఏం చేయగలరు?

అమెరికాలోనో, కెనడాలోనో డాక్టర్ చదువు కోసం కష్టపడుతున్న పిల్లలున్న ఇళ్లలో ఈ మాట తరచూ వినిపిస్తుంది. “బయాలజీ బాగానే వచ్చింది, కెమిస్ట్రీ కూడా పర్వాలేదు. కార్స్ దగ్గరే స్కోరు పడిపోయింది.” ఫోన్లో ఈ మాట విన్న పెద్దవాళ్లకు ఒక పట్టాన అర్థం కాదు. “అక్కడే పుట్టి పెరిగిన పిల్ల, ఇంగ్లీషు చదవడంలో తప్పడమేంటి?” అంటారు. ఆ పిల్లకూ అదే ప్రశ్న. రోజంతా ఇంగ్లీషులోనే మాట్లాడుతుంది, చదువుతుంది. మరి ఎక్కడ తేడా వస్తోంది?

తేడా భాషలో లేదు, చదివే తీరులో ఉంది. కార్స్ ఇంగ్లీషు పరీక్ష కాదు, జనరల్ నాలెడ్జ్ పరీక్ష అంతకన్నా కాదు. ఎదుటివాడు చెప్పింది చెప్పినట్టు వినగలరా, అందులో మీ సొంత అభిప్రాయం కలపకుండా ఉండగలరా అన్నదే ఇక్కడ చూస్తారు. రేపు రోగి చెప్పేది వినాల్సిన మనిషికి ఇది అవసరమైన గుణమే కదా. ఈ సంగతి మొదటే తెలిస్తే ప్రిపరేషన్ దారి మారిపోతుంది.

ముందు పరీక్ష గురించి

అమెరికా, కెనడాల్లోని చాలా మెడికల్ కాలేజీల్లో ప్రవేశానికి రాసే పరీక్ష ఎమ్‌క్యాట్. దీన్ని ఏఏఎంసీ అనే సంస్థ, అంటే అమెరికా మెడికల్ కాలేజీల సంఘం నిర్వహిస్తుంది. అక్కడ ఇంటర్ అయిన వెంటనే మెడిసిన్‌లో చేరరు. ముందు డిగ్రీ చదువుతూ, మధ్యలోనో చివర్లోనో ఈ పరీక్ష రాస్తారు. మన దగ్గర ఎంబీబీఎస్ పూర్తి చేసి అమెరికా వెళ్లే డాక్టర్లు రాసేది ఇది కాదు, యూఎస్‌ఎంఎల్‌ఈ. రెండింటినీ కలిపి కంగారు పడొద్దు.

ఎమ్‌క్యాట్‌లో నాలుగు విభాగాలు, మొత్తం 230 ప్రశ్నలు ఉంటాయి. మూడు విభాగాలు సైన్సు, సైకాలజీలకు సంబంధించినవి. ఒక్కోదానిలో 59 ప్రశ్నలు, ఒక్కోదానికి 95 నిమిషాలు. నాలుగోది మనం మాట్లాడుకుంటున్న ‘క్రిటికల్ అనాలిసిస్ అండ్ రీజనింగ్ స్కిల్స్’. పొడుగాటి పేరు కాబట్టి అందరూ కార్స్ అనే అంటారు. ఇది పరీక్షలో రెండో విభాగంగా వస్తుంది.

కార్స్ లెక్క ఇలా ఉంటుంది:

• 9 ప్యాసేజీలు, 53 ప్రశ్నలు, 90 నిమిషాలు.
• ఒక్కో ప్యాసేజీ సుమారు 500 నుంచి 600 పదాలు. ఒక్కోదాని కింద 5 నుంచి 7 ప్రశ్నలు.
• స్కోరు 118 నుంచి 132 మధ్య ఇస్తారు. సరిగ్గా మధ్యది 125.
• తప్పు జవాబుకు మైనస్ మార్కులు లేవు.

నాలుగు విభాగాలకూ స్కోరు ఇదే పద్ధతిలో ఉంటుంది కాబట్టి మొత్తం స్కోరు 472 నుంచి 528 వరకు ఉంటుంది. అంటే సైన్సు విభాగం ఒక్కోదానికి ఎంత బరువో కార్స్‌కూ అంతే. కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీ మెడికల్ కాలేజీ అయితే ఎమ్‌క్యాట్ మొత్తంలో కార్స్ స్కోరు ఒక్కటే చూస్తుంది. “సైన్సులో బాగా తెచ్చుకుంటే ఇది కవర్ అయిపోతుందిలే” అనుకోవడం అందుకే ప్రమాదం.

నీట్‌కూ దీనికీ తేడా

మన పిల్లలు నీట్‌కు అలవాటు పడ్డవాళ్లు. నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు. అందులో సగం, అంటే 90 ప్రశ్నలు, బయాలజీవే. తెలుగులోనూ ఉర్దూలోనూ రాసుకునే వీలుంది. చదివి అర్థం చేసుకునే విభాగమంటూ విడిగా లేదు. తప్పు జవాబుకు ఒక మార్కు పోతుంది కాబట్టి తెలియనిది వదిలేయమని కోచింగ్‌లో నేర్పుతారు.

కార్స్‌లో ఈ అలవాట్లు పనికిరావు. కంఠతా పట్టడానికి సిలబస్ లేదు. పరీక్ష ఇంగ్లీషులోనే ఉంటుంది. మైనస్ లేదు కాబట్టి ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకూడదు. ఇంటర్ ఇక్కడ చదివి డిగ్రీకి అక్కడికి వెళ్లిన పిల్లలు ఈ మూడు మార్పులకూ ముందే సిద్ధపడాలి.

ప్యాసేజీల్లో ఏముంటుంది?

సైన్సు ఉండదు. దాదాపు సగం ప్యాసేజీలు సాహిత్యం, సంగీతం, చిత్రకళ, కట్టడాలు, తత్వశాస్త్రం, నీతి, మతం వంటి విషయాల మీద వస్తాయి. మిగతా సగం చరిత్ర, ఆర్థికం, రాజకీయాలు, సమాజం, విద్య, భాషల మీద ఉంటాయి. జవాబుకు కావాల్సిందంతా ప్యాసేజీలోనే, ప్రశ్నలోనే ఉంటుంది. బయటి జ్ఞానం అక్కర్లేదు.

ఇక్కడే చాలామంది జారిపోతారు. మతం గురించో, చరిత్ర గురించో రచయిత రాసింది మనకు నచ్చకపోవచ్చు, తప్పు అనిపించవచ్చు కూడా. పరీక్ష హాల్లో దానితో వాదనకు దిగితే నష్టం మనకే. అడిగేది ‘నిజం ఏది’ అని కాదు, ‘ఈ రచయిత ఏమంటున్నాడు’ అని. బాగా తెలిసిన విషయం మీద వచ్చిన ప్యాసేజీలోనే ఎక్కువ తప్పులు చేసే పిల్లలుంటారు. అక్కడ రాసింది చదవకుండా తమకు తెలిసింది చదువుకుంటారు కాబట్టి అలా జరుగుతుంది.

ప్రశ్నలు మూడు రకాలు

మొదటి రకం, రాసింది అర్థమైందా అని అడిగేవి. ముఖ్యమైన మాట ఏది, ఈ పదాన్ని ఇక్కడ ఏ అర్థంలో వాడారు వంటివి. ఇవి దాదాపు 30 శాతం.

రెండో రకం, రాసినదాని లోపలి అల్లికను అడిగేవి. ఈ ఉదాహరణ ఎందుకిచ్చాడు, ఈ మాటకు ఆధారం ఎక్కడుంది వంటివి. ఇవీ 30 శాతం.

మూడో రకం, రచయిత ఆలోచనను బయటి సందర్భానికి తీసుకెళ్లేవి. ఈ కొత్త విషయం తెలిస్తే ఆయన వాదన బలపడుతుందా, బలహీనపడుతుందా? ఇలాంటి ఇంకో చోట ఆయన ఏమంటాడు? ఇవి దాదాపు 40 శాతం. అందుకే పదాల అర్థాలు తెలిసినంత మాత్రాన స్కోరు రాదు.

ఒక చిన్న నమూనా

అసలు ప్యాసేజీలు ఇంగ్లీషులో, దీనికన్నా చాలా పెద్దగా ఉంటాయి. పద్ధతి అర్థం కావడానికి ఇక్కడ తెలుగులో ఒక చిన్నది రాశాం. చదవండి.

“పాత కట్టడానికి మరమ్మతు చేసేటప్పుడు కొత్త రాయి పాతదానిలో కలిసిపోవాలని చాలామంది కోరుకుంటారు. అతుకు కనపడకపోతే పని బాగా కుదిరిందని మెచ్చుకుంటారు. కానీ అతుకు దాచడమంటే ఈ గోడ ఏనాడూ దెబ్బ తినలేదని చెప్పడమే. వందల ఏళ్లు ఎండకూ వానకూ నిలబడ్డ గోడకు ఒక కథ ఉంటుంది. ఆ కథను చెరిపేసి నున్నటి అబద్ధాన్ని పూస్తున్నాం. అలాగని కూలేదాన్ని కూలనివ్వమని నేననడం లేదు. ఇల్లు కారుతుంటే పైకప్పు బాగు చేయాల్సిందే. చేసిన చెయ్యి ఈ కాలానిదని మాత్రం చూసేవాడికి తెలియాలి.”

ప్రశ్న 1. రచయిత చెబుతున్న ముఖ్యమైన మాట ఏది?
ఎ) పాత కట్టడాలను ఎప్పుడూ ముట్టుకోకూడదు.
బి) మరమ్మతు చేయాలి గానీ కొత్తగా చేసిన భాగం కొత్తదని తెలిసిపోవాలి.
సి) పాతకాలం మేస్త్రీల పనితనం ఇప్పటివాళ్లకు లేదు.
డి) అతుకు కనపడకపోతే జనం మెచ్చుకుంటారు.

జవాబు బి. ‘ఎ’లో ‘ఎప్పుడూ’ అనే గట్టి మాట ఉంది, పైగా కూలనివ్వమని అనడం లేదని రచయితే చెప్పాడు. ‘సి’ బయట నిజమే కావచ్చు గానీ ఇక్కడ ఆ ఊసే లేదు. ‘డి’ ప్యాసేజీలో ఉన్నదే, అయితే అది రచయిత కాదంటున్న అభిప్రాయం, ఆయన సొంత మాట కాదు.

ప్రశ్న 2. ఇల్లు కారడం గురించి ఎందుకు చెప్పాడు?
తాను మరమ్మతులకే వ్యతిరేకి అని ఎవరైనా అనుకుంటారేమోనని, ఆ అభ్యంతరానికి ముందే జవాబిచ్చాడు. ఇళ్లు ఎలా కట్టాలో చెప్పడం ఆయన ఉద్దేశం కాదు.

ప్రశ్న 3. చిరిగిన పాత చేతిరాత ప్రతి ఒకటి ఉంది. దాన్ని ఏం చేస్తే ఈ రచయితకు నచ్చుతుంది?
ఎ) అదే రంగు కాగితం, అదే రకం సిరా తెచ్చి ఎవరూ గుర్తుపట్టలేనట్టు పూరించడం.
బి) చెదపురుగులకు వదిలేయడం.
సి) వేరే రంగు కాగితంతో అతికి, అతికిన చోటు తెలిసేలా ఉంచడం.
డి) కొత్త ప్రతి రాయించి పాతది పారేయడం.

జవాబు సి. ప్యాసేజీలో పుస్తకాల మాటే లేదు. అయినా ‘బాగు చెయ్యి, చేసినట్టు తెలియనివ్వు’ అనే ఆయన సూత్రం ఇక్కడికీ సరిపోతుంది. మూడో రకం ప్రశ్నలన్నీ ఇలాగే ఉంటాయి.

ఇప్పుడు ఒకసారి మిమ్మల్ని మీరు అడిగి చూడండి. “నా మటుకు నాకు అతుకు కనపడకుండా చేస్తేనే బాగుంటుంది” అని చదువుతున్నప్పుడు మనసులో అనుకున్నారా? అనుకుంటే తప్పు లేదు. ఆ అభిప్రాయం జవాబు దాకా రాకూడదు, అంతే.

తప్పు ఆప్షన్లను పట్టుకోవడం

తప్పు జవాబులు చూడగానే తప్పు అనిపించేలా ఉండవు. ఎక్కువగా కనిపించేవి ఇవి:

• అతి మాటలు: ఎప్పుడూ, ఎన్నడూ, ఒక్కటే, పూర్తిగా. రచయిత అంత గట్టిగా అన్నాడా అని వెనక్కి చూడాలి. అంటే సరే, లేకపోతే కొట్టేయాలి.
• బయట నిజం, లోపల లేదు: లోకంలో ఒప్పే అయినా ప్యాసేజీలో ఆధారం ఉండదు.
• లోపల ఉంది, అడిగింది అది కాదు: ప్యాసేజీలోని మాటలే వాడతారు గానీ ప్రశ్నకు అది జవాబు కాదు.
• తారుమారు: కారణాన్ని ఫలితంగా, ఫలితాన్ని కారణంగా మారుస్తారు. లేదా రచయిత ఖండించిన మాటను ఆయనకే అంటగడతారు.
• ఒక ముక్కే: ముఖ్యమైన మాట అడిగితే ఒక పేరాకు సంబంధించిన చిన్న వివరం ఇస్తారు.

ఏ ఆప్షన్ ఎంచుకున్నా ‘దీనికి ఆధారం ఏ వాక్యంలో ఉంది?’ అని వేలు పెట్టి చూపించగలగాలి. చూపించలేకపోతే అది మన ఊహే.

టైం ఎలా పంచుకోవాలి?

90 నిమిషాల్ని 9తో భాగిస్తే ఒక్కో ప్యాసేజీకి 10 నిమిషాలు వస్తాయి. చదవడానికి నాలుగు నిమిషాలు, ప్రశ్నలకు ఆరు నిమిషాలు అనుకుంటే చాలామందికి సరిపోతుంది. వేగంగా చదివేస్తే ప్రశ్నల దగ్గర మళ్లీ మళ్లీ వెనక్కి వెళ్లాలి, అక్కడ టైం అంతా పోతుంది. మొదటిసారే నిదానంగా, ఒక్కో పేరా అయ్యాక ‘ఏమన్నాడు?’ అని మనసులో ఒక ముక్క అనుకుంటూ చదవడం మేలు.

‘కానీ’, ‘అయితే’, ‘అలాగని’ వంటి మాటలకు సమానమైన ఇంగ్లీషు పదాలు వచ్చినచోట ఆగాలి. రచయిత మలుపు తిరిగేది అక్కడే. కంప్యూటర్ తెర మీద హైలైట్ చేసుకునే వీలు, తప్పు ఆప్షన్లను కొట్టేసే వీలు, తర్వాత చూడాల్సిన ప్రశ్నకు గుర్తు పెట్టుకునే వీలు ఉన్నాయి. పేరాకు ఒకటి రెండు చోట్ల మించి హైలైట్ చేస్తే ఏది ముఖ్యమో కనపడకుండా పోతుంది. ఒక ప్రశ్న మీద రెండు నిమిషాలు దాటితే ఉన్నవాటిలో మంచిదనిపించింది పెట్టి, గుర్తు పెట్టి ముందుకెళ్లాలి.

మూడు నెలల ప్రణాళిక

సైన్సు పాఠాలన్నీ అయ్యాక చివరి రెండు వారాల్లో కార్స్ చూద్దామనుకోవడం పెద్ద పొరపాటు. ఇది అలవాటుతో వచ్చే విద్య. రోజుకు అరగంట చొప్పున మూడు నెలలు చదివినవాళ్లకు వచ్చే పట్టు ఒక్క వారం రాత్రింబవళ్లు కూర్చుంటే రాదు.

మొదటి నెల: గడియారం పక్కన పెట్టాలి. రోజుకు రెండు ప్యాసేజీలు. ప్రతి జవాబుకూ ఆధార వాక్యం చూపించాలి. దీంతోపాటు రోజుకొక సంపాదకీయమో, కళల గురించో చరిత్ర గురించో ఒక పొడవాటి వ్యాసమో చదవాలి. ఇష్టం లేని విషయాలే ఎక్కువగా ఎంచుకోవాలి, పరీక్షలో వచ్చేవి అవే.

రెండో నెల: టైం పెట్టుకుని రోజుకు మూడు ప్యాసేజీలు. మొదట్లో ఒక్కోదానికి 12 నిమిషాలు, నెమ్మదిగా 10కి తేవాలి.

మూడో నెల: వారానికి రెండుసార్లు 9 ప్యాసేజీలూ ఒకే కూర్చోవడంలో, 90 నిమిషాల్లో పూర్తి చేయాలి. వారానికి ఒకసారి మొత్తం ఎమ్‌క్యాట్ నమూనా పరీక్ష రాస్తే, మొదటి విభాగంలో అలసిపోయిన బుర్రతో కార్స్ చదవడం అలవాటవుతుంది. అసలు పరీక్ష విరామాలతో కలిపి ఏడున్నర గంటలుంటుంది మరి.

ఏఏఎంసీ సొంతంగా కార్స్ ప్రశ్నల ప్యాకులు రెండు అమ్ముతుంది, ఒక్కోదానిలో 120 ప్రశ్నలు. అసలు పరీక్షకు అన్నిటికన్నా దగ్గరగా ఉండేవి ఇవే. మొదటే ఖర్చు చేసేయకుండా రెండో నెల చివర నుంచి వాడుకోవాలి. అమెరికాలో ఉంటూ ఆదాయం తక్కువున్న కుటుంబాలకు ఏఏఎంసీ ‘ఫీజు అసిస్టెన్స్ ప్రోగ్రామ్’ ఉంది. ఫీజు కట్టేశాక అప్లై చేస్తే కట్టింది వెనక్కి రాదు. కాబట్టి పరీక్షకు రిజిస్టర్ కాకముందే అది తేల్చుకోవాలి.

తప్పుల పుస్తకం

ఎన్ని ప్యాసేజీలు చేశామన్న లెక్క కన్నా చేసినవాటిని ఎంత చూసుకున్నామన్నది ముఖ్యం. ఒక నోట్‌బుక్ పెట్టుకుని ప్రతి తప్పుకూ మూడు ముక్కలు రాయాలి. నేనేం పెట్టాను, అది నన్నెందుకు ఆకర్షించింది? సరైనదానికి ఆధారం ఎక్కడుంది? ఇది పైన చెప్పిన తప్పుల్లో ఏ రకం? రెండు మూడు వారాలకే బండారం బయటపడుతుంది. ఒకరికి అతి మాటల దగ్గర, ఇంకొకరికి సొంత అభిప్రాయం దగ్గర పదే పదే దెబ్బ తగులుతుంటుంది. అది తెలిశాక సరిదిద్దుకోవడం తేలిక.

ఇంట్లోవాళ్లు చేయగలిగింది

“మాకు ఇంగ్లీషే సరిగా రాదు, మేమేం సాయం చేస్తాం?” అనుకునే అమ్మీలకూ అబ్బాలకూ ఒక మంచి మాట. ఈ ఒక్క విభాగంలో మీరు నిజంగా సాయం చేయగలరు. రోజూ సాయంత్రం చాయ్ దగ్గర పిల్లాణ్ని కూర్చోబెట్టి, ఆ రోజు చదివిన ప్యాసేజీని తెలుగులోనో ఉర్దూలోనో రెండు ముక్కల్లో చెప్పమనండి. తర్వాత మూడు ప్రశ్నలు అడగండి. “ఆ రాసినాయన ఏమంటాడు? ఎవరి మాట కాదంటున్నాడు? ఇందులో నీ మాట ఎంత, ఆయన మాట ఎంత?”

ఇంగ్లీషు వాక్యాలను తిప్పి తిప్పి చెప్పడం తేలిక. ఇంటి భాషలో చెప్పాలంటే నిజంగా అర్థమై ఉండాలి. చెప్పలేక తడబడ్డాడంటే ఆ ప్యాసేజీ అర్థం కాలేదన్నట్టే. అది మీరు ఇంగ్లీషు రాకుండానే పట్టుకోవచ్చు. ఫోన్లో మాట్లాడే ఊళ్లోని నానీ కూడా ఈ మూడు ప్రశ్నలు అడగవచ్చు.

రెండోది, 90 నిమిషాల నిశ్శబ్దం. ఆ టైంలో అంగడికి పంపొద్దు, చుట్టాలొచ్చారని పిలవొద్దు. మూడోది, తేదీ. పరీక్షలు జనవరి నుంచి సెప్టెంబర్ దాకా పలు తేదీల్లో జరుగుతాయి. ఇంట్లో పెళ్లి, రంజాన్, ఈద్ ఎప్పుడు పడుతున్నాయో చూసుకుని, చివరి నెల ప్రిపరేషన్ ఆగిపోకుండా తేదీ ఎంచుకోమనండి.

నాలుగోది, ఒత్తిడి పెట్టకపోవడం. ఒక సంవత్సరంలో మూడుసార్లు, వరుసగా రెండేళ్లలో నాలుగుసార్లు, జీవితం మొత్తం మీద ఏడుసార్లు మాత్రమే ఈ పరీక్ష రాయనిస్తారు. పరీక్ష చివర స్కోరు వద్దని రద్దు చేసుకున్నా అది ఒకసారి రాసినట్టే లెక్క. “ఫలానా వాళ్ల అబ్బాయి రాసేశాడు, నువ్వెప్పుడు?” అని తొందరపెడితే ఒక అవకాశం వృథా అవుతుంది. నమూనా పరీక్షల్లో స్కోరు వరుసగా నిలబడ్డాకే అసలుదానికి వెళ్లాలి.

బ్రిటన్‌లో ఉన్నవాళ్లకు

అక్కడ మెడిసిన్‌కు రాసే యూక్యాట్‌లో ‘వెర్బల్ రీజనింగ్’ విభాగం ఉంది. 11 ప్యాసేజీలు, 44 ప్రశ్నలు, 2025 నుంచి 22 నిమిషాలు. అంటే ప్రశ్నకు అర నిమిషం. అక్కడ వేగం ముఖ్యం. ప్యాసేజీ మొత్తం చదవకుండా ప్రశ్నలోని ముఖ్యమైన పదాన్ని వెతికి అక్కడ చదవడం అలవాటు చేసుకోవాలి. కొన్ని ప్రశ్నలకు ‘నిజం’, ‘అబద్ధం’, ‘చెప్పలేం’ అని మూడే ఆప్షన్లుంటాయి. మనకు నిజమని తెలిసినా ప్యాసేజీలో లేకపోతే ‘చెప్పలేం’ అనే పెట్టాలి. రెండు పరీక్షల తీరు వేరైనా మూల సూత్రం మాత్రం ఒకటే.

చిన్న పిల్లలున్నవాళ్లు ఎమ్‌క్యాట్ దాకా ఆగక్కర్లేదు. ఏ భాషలోనైనా సరే, రోజూ ఒక పేజీ చదివించి “ఏమన్నాడు?” అని అడిగితే చాలు. ఆ పిల్లలు రేపు ఏ పరీక్షకు కూర్చున్నా ఈ అలవాటు వాళ్లకు తోడుంటుంది.